‘నిర్జనం’ అన్న మాటతో నా పేచీ

‘నిర్జనం’ అన్న మాటతో నాకు చాలాకాలంగా ఒక పేచీ ఉన్నది. కావ్యాల్లోని నిర్జనారణ్యంతో కాదు. అక్కడ దానికొక మర్యాద ఉన్నది, దమయంతిని నిద్రలో వదిలిపోవడానికి నలుడికి అటువంటి చోటే కావాలి. నా పేచీ అంతా వీపున సంచి తగిలించుకొని చిత్తడి నేలలు చూడబోయి, తిరిగివచ్చి కథనాలు రాసేవారి నిర్జనంతో.

శుక్రవారం రాత్రి సికింద్రాబాదు స్టేషనుకు వెళ్ళి చూడండి. కోస్తా వైపు పోయే బళ్ళ దగ్గర మూపున గోపురమంత సంచులు మోస్తూ యువతీయువకులు గుంపులుగా కనబడతారు. కొందరు కొల్లేటికి, కొందరు కోరింగ మడ అడవులకు, కొందరు పులికాటుకు. సోమవారం ఉదయానికల్లా ఎవరి కొలువుల్లో వారు ఉంటారు. వారం తిరిగేలోగా కథనం సిద్ధం. ఆ కథనంలో కష్టాలు ఒక వరుసలో వస్తాయి, సత్యనారాయణ వ్రతకథలో అధ్యాయాల మాదిరి. మొదట దారి తప్పుతారు. తరువాత మోకాటిలోతు బురద. ఆ తరువాత దోమలు, జలగలు. పడవ ఇంజను నడినీటిలో ఆగిపోతుంది. ఒక పాము కనబడుతుంది. చాలాసార్లు అది పాపం ఏ విషమూ లేని నీరుకట్టె, అయినా కథనంలో దాని పొడవు బారెడు పెరుగుతుంది. చివర సూర్యాస్తమయం, కొంగల బారు, ‘మనిషి అడుగు పడని నిర్జన ప్రకృతి ఒడిలో’ అన్న వాక్యం.

సరే, మరి బురదలోంచి వీరిని పైకి లాగినది ఎవరు? ఆగిన ఇంజనును తిప్పి నడిపించినది ఎవరు? ‘ఒక స్థానికుడు’. ఆయనకు పేరు ఉండదు, పని ఉండదు, ఊరు ఉండదు. అవసరానికి ప్రత్యక్షమై అంతర్ధానమయ్యే వనదేవత వంటివాడు. మనిషి అడుగు పడని చోటికి ఆ స్థానికుడు ఎక్కడినుండి ఊడిపడ్డాడో ఏ రచయితకూ సందేహం రాదు.

యాత్రలో పడ్డ ఇక్కట్లను రాయడం తప్పని నేను అనడం లేదు. నా దగ్గరా ఒక వీపుసంచి ఉన్నది. 1830లో చెన్నపట్టణం నుండి బయలుదేరి హైదరాబాదు మీదుగా కాశీకి పోయిన ఏనుగుల వీరాస్వామయ్య కూడా దారుల కష్టాలు, వాగుల కష్టాలు రాశాడు. అయితే ప్రతి మజిలీలో ఊరు చిన్నదా పెద్దదా, అంగళ్ళు ఉన్నవా లేవా, నీటివసతి ఎటువంటిది, ఇళ్ళు ఎవరెవరివి అని కూడా రాశాడు. పల్లకీలో పోయినవాడికి కనబడిన జనం కాలినడకన పోయేవారికి కనబడకపోవడం విచిత్రం కాదా!

అసలు మన తెలుగునాట నీటిపక్షి ఎక్కడ గూడు కడుతుందో చూద్దాం. అనంతపురం వైపు చిలమత్తూరు దగ్గర వీరాపురంలో ఎర్రకాళ్ళ కొంగలు కట్టేది ఊరి చెట్ల మీద, ఇళ్ళ మధ్య. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు కట్టేదీ ఊరి చెట్ల మీదనే. (ఇవి సైబీరియా నుండి వస్తాయని ప్రతి సంవత్సరమూ ఎక్కడో ఒకచోట చదువుతూనే ఉంటాము. ఈ రెండూ మన ఉపఖండపు పక్షులే, సైబీరియాతో వాటికి ఏ చుట్టరికమూ లేదు.) గుంటూరు పక్కన ఉప్పలపాడులో పక్షులు చేరినది ఊరి మంచినీటి చెరువులో. నెల్లూరు వైపు నేలపట్టులో గూడబాతులు కాపురముండే చెరువు కింద పొలాలున్నవి. ఆ రెట్ట కలిసిన నీరు చేలకు బలమని అక్కడి రైతులకు తెలుసు. పశ్చిమ గోదావరిలోని ఆరేడులో గూడబాతుల కాలనీని చూసి కె.కె. నీలకంఠన్ 1949లో ఒక సుదీర్ఘ వ్యాసం ప్రచురించారు. అదీ పల్లెటూరే. తరువాతి దశాబ్దాలలో ఆ కాలనీ ఖాళీ అయిపోయినది.

ఎలా చూసినా ఈ పక్షులు మనిషిని తప్పించుకొని పోయినవి కావు. మనిషి పక్కన, చెరువుగట్టున, పెరటి చింతచెట్టు మీద ఇల్లు కట్టుకున్నవి. రెట్ట కంపును, పిల్లల అరుపులను ఏడాదిలో ఆరు నెలలు భరించి, కొమ్మ నరకకుండా కాపాడిన ఇల్లాళ్ళు, ముసలివాళ్ళు ఉన్నారు కనుకనే ఇవాళ మన ప్రయాణికుడి కెమెరాకు ఒక కొంగ దొరుకుతున్నది. అతడు రాసేదేమో నిర్జనం!

ఇక కొల్లేటి మాట. కొన్నేళ్ళ క్రితం ఒక నవంబరులో నర్సాపురం పోయే రాత్రిబండి ఎక్కి తెల్లవారుఝామున కైకలూరులో దిగాను. పక్కనే ఆటపాక. అక్కడ గూడబాతులు గూళ్ళు పెట్టుకోవడానికి ఇనుప స్టాండ్లు నిలిపి ఉన్నవి. చెట్టు లేని చోట ఇనుమైనా చాలునని ఆ పక్షులు సర్దుకుపోయినవి. వాటి ఓర్పుకు నమస్కారం పెట్టి ముందుకు కదిలాను. నాకు కావలసినది తెరపి నీరు, కొల్లేరు సరస్సు. ఫోనులోని పటం నా ముందంతా నీలంగా చూపిస్తున్నది. కాళ్ళ కింద మాత్రం గట్టు. గట్టుకు అటు ఒక చేపల చెరువు, ఇటు ఒక చేపల చెరువు. ఆ గట్టు పోయి ఇంకొక గట్టును కలుస్తుంది, దానికి మళ్ళీ అటొకటి ఇటొకటి. మూడు గంటలు నడిచాను. పటం ప్రకారం నేను సరస్సు నడిబొడ్డున నీళ్ళ మీద నడుస్తున్నాను. ఇంతటి మహిమ నాకెప్పుడు అబ్బినదో తెలియదు.

ఉన్నట్టుండి చెవి పక్కనే పేలుడు. వంగి కూర్చున్నాను. చేపల మీద వాలే పక్షులను తోలడానికి పేల్చిన టపాకాయ అది. నాలుగు కుక్కలు వెంటపడ్డవి. రెండు రోజుల ముసురుకు నాని ఉన్న గట్టు అంచు కాలికింద జారిపోయి, సంచితో సహా నడుము లోతున నల్లటి బురదలోకి దిగబడ్డాను. ఫోను చచ్చిపోయినది. గట్టు మీదికి వెదురుగడ చాపి నన్ను లాగినది ఒక పెద్దాయన, అరవై దాటి ఉంటాయి.

“ఎవరండి తమరు? ఆఫీసరు గారా?” అన్నాడు మొట్టమొదట. ఆ గొంతులో కొంచెం భయం ఉన్నది.

“కాదండీ. సికింద్రాబాదు నుండి వచ్చాను, కొల్లేరు చూద్దామని.”

“తమరు పడింది అందులోనేనండి,” అన్నాడు నవ్వి. “అప్పుడు కొల్లేరండి. ఇప్పుడు దీనికి నంబరుందండి.”

బోరు దగ్గర కాళ్ళు కడిగించి, పాకలో కూర్చోబెట్టి, టీ కాచి ఇచ్చాడు. మాటల్లో తెలిసినదేమిటంటే, ఆ చెరువు ఒకప్పుడు ఆయన ఊరి మత్స్యకార సొసైటీది. ఆ వాటాలో ఆయన తండ్రి పేరు కూడా ఉన్నది. సొసైటీ దాన్ని లీజుకు ఇచ్చినది. లీజుదారు ఊళ్ళో ఉండడు. ఆయన దగ్గర ఈయన నెలజీతానికి కాపలా. “మా చెరువుకు మేమే కావిలండి. జీతమిచ్చి మరీ కాయిస్తన్నారు, ఇంకేం కావాలండి!” అన్నాడు. తండ్రి కాలంలో తాటిదోనె మీద వెళ్ళి వల వేస్తే కొర్రమీనులు, మట్టగిడసలు పడేవట. కిక్కిస కోసుకొని ఇంటికప్పు వేసుకొనేవారట. ఇప్పుడు తన మనుమడికి దోనె నడపడం రాదట.

మన కథనాల పద్ధతిలో అయితే ఇదంతా ‘ప్రకృతి పెట్టిన పరీక్ష’. నన్ను పడదోసినది ప్రకృతి కాదు, ప్రొక్లెయిను. నేను జారిన గట్టు ఏ వరదా వేసినది కాదు. సరస్సు పొట్ట చీల్చి ఆ మట్టితోనే యంత్రం పోసినది. నేను దారి తప్పలేదు, దారే సరస్సును తప్పించి వేశారు. దుస్సాహస కథలు రాసేవారు గమనించవలసిన సంగతి ఇది. మన చిత్తడి నేలల్లో ప్రయాణికుడికి కలిగే ప్రమాదాల్లో జలగల వాటా, పాముల వాటా స్వల్పం. ఆగిన పడవ కింద పూడిన కాలువ ఉంటుంది. కాలికి తగిలిన ముల్లు చాలాసార్లు చేపల చెరువు చుట్టూ కట్టిన ఇనుపతీగది. ఆ కష్టాన్ని కొంచెం తవ్వితే ఒక జీవో, ఒక లీజు పత్రం, ఒక గట్టు బయటపడతాయి. తవ్వరు. కష్టం కష్టంగానే అందంగా ఉంటుంది కదా!

కొల్లేటి కథ నాలుగు ముక్కల్లో చెబుతాను. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లంలో నిలిచిన మంచినీటి సరస్సు ఇది. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏళ్ళు వచ్చి పడతాయి; మిగులునీరు ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోతుంది. 1970ల మధ్య ప్రభుత్వమే సొసైటీలు పెట్టించి చేపల చెరువులు తవ్వించినది. అవి క్రమంగా డబ్బున్నవారి లీజుల్లోకి పోయినవి. 1999లో +5 అడుగుల కాంటూరు వరకు, అంటే సుమారు 308 చదరపు కిలోమీటర్లను, అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరినది. 2006లో సుప్రీంకోర్టు దాకా పోయిన వ్యవహారంలో ‘ఆపరేషన్ కొల్లేరు’ అని గట్లను పేల్చారు. తరువాత కొంతకాలానికి మళ్ళీ గట్లు లేచినవి. లేవకపోతే నేను పడేవాడిని కాదు.

ఈ నిర్జనమన్న మాట ఊరికే అందానికి వాడేది కదా, దానివల్ల ఎవరికి నష్టం అని అడగవచ్చు. సోంపేటను అడగండి. శ్రీకాకుళం తీరాన చిత్తడి నేలను ‘బీల’ అంటారు. ఎంత చక్కని మాట! మన నిఘంటువుల కన్న ఆ రైతుల నోళ్ళలో భద్రంగా ఉన్నది. సోంపేట బీల మీద ఊళ్ళకు ఊళ్ళు బతుకుతాయి: చేపలు, పశువుల మేత, చేలకు నీరు. థర్మల్ కేంద్రానికి ఆ నేల ఇవ్వదలచినప్పుడు కాగితాల మీద అది పనికిరాని భూమి అయినది. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో మనుషుల ప్రాణాలు పోయినవి. ఆ రోజే పర్యావరణ అప్పీలు సంస్థ ఆ కేంద్రపు అనుమతిని కొట్టివేసినది. ఏడాదైనా తిరగకుండానే 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లి బీల దగ్గర, మరో థర్మల్ కేంద్రం విషయంలో, మళ్ళీ కాల్పులు, మళ్ళీ చావులు. పైన చెప్పిన తేలినీలాపురం గూడబాతులకు ఈ కాకరాపల్లి బీల ఇరుగుపొరుగే.

ఒక గుమాస్తా ‘పనికిరాని భూమి’ అని రాస్తాడు. ఒక ప్రయాణికుడు ‘నిర్జన సౌందర్యం’ అని రాస్తాడు. మొదటివాడికి అసహ్యం, రెండోవాడికి ఆరాధన. ఇద్దరూ చూసినది మాత్రం మనుషులు లేని నేల. మొదటి వాక్యం మీద కోపగించి ధర్నాలకు సంఘీభావం చెప్పే మన పట్టణవాసులం రెండో వాక్యాన్ని ముచ్చటపడి చదువుతాము. నాకు రెండింటి మధ్య తేడా కనబడదు. ఆరాధన భాషలో ఉన్నది కనుక రెండోదే ఎక్కువ ప్రమాదకరమని కూడా నా అనుమానం.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నదని నాకు తెలుసు. ‘కొల్లేట్లో మనుషులున్నారు’ అన్న మాటను అందరికన్న గట్టిగా అరిచేది చేపల చెరువుల ఆసాములే. పేద మత్స్యకారుడిని ముందు నిలబెట్టి, వెనక నిలబడి లీజు లెక్క పెట్టుకుంటారు. వారికి కూడా ‘జనం’ అన్నది ఒక అక్కరకొచ్చే మాట. అందుచేతనే జనమున్నారని అంటే సరిపోదు. ఏ జనం, ఎవరికి ఏ హక్కు, ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి పోయినది అని రాయాలి. నన్ను లాగిన పెద్దాయనకూ, ఊళ్ళో లేని ఆ లీజుదారుకూ కొల్లేరు ఒకటే కొల్లేరు కాదు. గట్లు పేల్చినప్పుడు ఇద్దరికీ నష్టం జరిగినది. ఒకరిది పెట్టుబడి, ఒకరిది కూలి. గట్లు మళ్ళీ లేచినప్పుడు పెట్టుబడి తిరిగి వచ్చినది. కూలి కూడా తిరిగి వచ్చినది, కూలిగానే.

గట్లు ఉంటే ఏమిటట అనేవారూ ఉన్నారు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలను ముంచినది. ఆ బుడమేరు చివరికి చేరవలసినది కొల్లేటికే. ఆ వరదకు గండ్లు, ఆక్రమణలు, అతివృష్టి అని కారణాలు పలు ఉండవచ్చు. నీళ్ళు పోయి విశ్రమించవలసిన పళ్ళెంలో మనం గట్లతో గడులు గీశామన్నది మాత్రం గుర్తుంచుకోవలసినది.

అంత దూరం పోనక్కరలేదు, మా సికింద్రాబాదు సంగతి చూడండి. జంటనగరాల మధ్య ఉన్న హుస్సేన్‌సాగర్ 1562లో మనుషులు కట్టినది. రామకృష్ణాపురం చెరువు, సఫిల్‌గూడ చెరువు, హస్మత్‌పేట చెరువు, అన్నీ గట్టు పోసి నిలిపిన నీళ్ళే. ఇక్కడ దక్కను రాతినేల మీద ఏ చెరువూ తనంతట తాను పుట్టలేదు. పాకాల చుట్టూ అభయారణ్యం ఉన్నది, దాని నడుమ చెరువు కాకతీయుల నాటిది. మొసళ్ళకు ప్రసిద్ధమైన మంజీర అభయారణ్యంలో నీటిని ఆపినది మన దాహం కోసం కట్టిన ఆనకట్ట. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించిన అమీన్‌పూర్ చెరువు కుతుబ్‌షాహీల కాలపు కట్టడం. అంటే మా వైపు చిత్తడి నేల అంటేనే పార, తట్ట, చెమట. నీరటికాడు తూము తీయడం, కట్ట మీద కాపలా కాయడం, ఏడాదికొకసారి పూడిక ఎత్తడం, ఇవన్నీ ఉంటేనే ఆ బాతులు, ఆ తామరలు.

1971 నాటి రామ్‌సర్ ఒడంబడిక చిత్తడి నేలను నిర్వచిస్తూ సహజమైనదైనా కృత్రిమమైనదైనా సరే అన్నది. మన దేశంలో 2017 నాటి చిత్తడి నేలల నియమావళి ఏమి చేసినదో తెలుసా? తాగునీటికి, సాగునీటికి మనిషి కట్టిన చెరువులను నిర్వచనంలోంచే తప్పించినది. ఒక్క వాక్యంతో దక్కను చెరువులు దాదాపు అన్నీ ఆ నియమావళి నీడలోంచి బయటికి వచ్చి నిలబడ్డవి. మనిషి చెయ్యి పడినది కనుక అది చిత్తడి నేల కాదట! నేను ఇంతసేపూ నిందించిన ప్రయాణికుడి వాక్యం ఇక్కడ చట్టం వేషంలో కనబడుతున్నది. అడుగు పడనిదైతేనే ప్రకృతి. అడుగు పడినదైతే ప్లాటు.

ఒక చిన్నవాడు, మా వీధివాడే, ప్రతి నెలా ఎక్కడికో సంచి కట్టేవాడు, నాతో అన్నాడు: “అంకుల్, మేము సరదాకు వెళతాము, సరదాగా రాస్తాము. అందులోకి జీవోలను, కాంటూర్లను లాగితే చదివేదెవరు?” అతడు కోరింగలో బావురుపిల్లి కోసం రాత్రంతా మేలుకొని, చూడలేక, దోమకాట్లతో తిరిగివచ్చిన వృత్తాంతాన్ని నేనే రెండుసార్లు చదివి నవ్వుకున్నాను. మంచి చేయి. ఆ వృత్తాంతంలో పడవ నడిపినవాడు ఆ రాత్రి మడచెట్ల వేళ్ళలో పీతలు పట్టడం గురించి ఏదో చెప్పాడట. “అది రాయలేదేమి?” అని అడిగాను. “మూడ్ పాడవుతుందని తీసేశాను” అన్నాడు. ఆ తీసేసిన పేరా ఇప్పటికీ అతడి దగ్గర ఉన్నదట. పంపమని అడిగాను, ఇంకా రాలేదు.

సరదా తగ్గుతుందన్నది నేను నమ్మను. నేను బురదలో పడ్డ కథలో అందరూ నవ్వేది “ఇప్పుడు దీనికి నంబరుందండి” అన్న చోటనే, పడ్డ చోట కాదు. 2008లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ కొల్లేరు అభయారణ్యాన్ని +5 నుండి +3 అడుగుల కాంటూరుకు తగ్గించాలని తీర్మానించినది. +3 దగ్గర మిగిలేది సుమారు 135 చదరపు కిలోమీటర్లు. ఆ రెండడుగుల ఎత్తు మధ్య ఉన్నది 170 చదరపు కిలోమీటర్ల పైచిలుకు నేల. అందులో ఎంత చెరువు, ఎంత వరిపొలం, ఎవరి పట్టా, ఎవరి లీజు, ఏ లంకగ్రామంలో ఎంతమందికి ఇంకా దోనె నడపడం వచ్చు అన్నది కాలినడకన తిరిగి చూసి రాయదగిన విషయం. బురద కావలసినంత ఉన్నది, కుక్కలు కూడా ఉన్నవి. ఇన్నేళ్ళుగా కొల్లేటి యాత్రలు చదువుతున్నాను. ఆ రెండడుగుల మధ్య ఎవరున్నారో రాసిన వీపుసంచి ఒక్కటీ నాకింకా తారసపడలేదు.